సీడీల పద్మక్క

మొన్న ఒక పొద్దున ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్తున్నాను. పాల్వంచ దాటి కొంత దూరం పోయాక కారు కిటికీలోంచి ఉన్నట్టుండి కళ్లలోకి వెలుగు కొట్టింది. ఒకసారి కాదు, వరుసగా నాలుగైదు సార్లు, ఎవరో అద్దం పట్టుకుని కావాలని ముఖం మీదకు తిప్పుతున్నట్టు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే రోడ్డు పక్కన మొక్కజొన్న చేను. గట్ల వెంట కర్రలు పాతి, దారాలకు పాత సీడీలు వేలాడదీశారు. గాలికి అవి గిరగిర తిరుగుతున్నాయి. ఒక్కోటి ఎండకు ఎదురొచ్చినప్పుడల్లా నీలం, ఎరుపు, పసుపు కలిసిన మెరుపు ఒకటి చేను మీద నుంచి రోడ్డు దాకా జారిపోతోంది.

"కోతులకు సార్," అన్నాడు డ్రైవర్. "ఆ మెరుపుకు బెదురుతయంట. సీడీలు ఇప్పుడెవడు జూస్తుండు? కోతులన్న జూస్తయి." అని తనే నవ్వుకున్నాడు.

నేను నవ్వలేకపోయాను. అతను ఆ మాట ఎక్కడ విన్నాడో, అసలు విన్నాడో లేక తనకే తోచిందో నాకు తెలియదు. కానీ ఒకప్పుడు ఆ మాటను ఈ జిల్లాలో వేలమంది ఫోన్లలోకి పంపినవాణ్ని నేను. కారు చేను దాటిపోయింది. భద్రాచలం వంతెన వచ్చేవరకు నేను తల వంచుకునే కూర్చున్నాను. ఆ మాట ఎవరి గురించి అన్నానో చెప్పుకుంటే తప్ప నా మనసు తేలిక పడదని చాలాసార్లు అనుకున్నాను. చెప్పుకున్నాక కూడా పడదేమో. అయినా చెబుతాను.

నాకు ఇరవైనాలుగేళ్లప్పుడు భద్రాచలంలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. మాది ముదిగొండ దగ్గర ఒక పల్లె. మా ఇంట్లో అందరూ వ్యవసాయం మీద, ఆ తర్వాత నోటి మీద బతికేవాళ్లు. మా నాన్న గట్టు మీద నిలబడి మాట్లాడితే అవతలి చేనువాళ్లు పని ఆపి వినేవారు. నాకు మాత్రం నత్తి. క, ప, శ అక్షరాలు వస్తే గొంతులో తలుపు మూసుకున్నట్టు అయ్యేది. నా పేరే శ తో మొదలవుతుంది. ఎదుటివాళ్లు నా మాటను పూర్తిచేసేవాళ్లు. కొందరు జాలితో, కొందరు తొందరతో, కొందరు నవ్వుతో. ఎవరు చేసినా ఆ మాట నాది కాకుండా పోయేది. ల్యాబ్ పని ఎంచుకున్నది కూడా అందుకే. మైక్రోస్కోపుతో మాట్లాడనక్కర్లేదు.

సాయంత్రం పని అయ్యాక కిరాయి గదిలో గోడలు చూస్తూ కూర్చోలేక ఒకరోజు బజారున పడ్డాను. చెప్పుల షాపు పక్కన సన్నటి సీడీల షాపు కనిపించింది. మూడు గోడలూ కింద నుంచి పైదాకా సినిమా డబ్బాలు. కౌంటర్ మీద చిన్న టీవీ. దాని వెనక నలభై దాటిన ఒకావిడ. కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. మెత్తటి పాత పంచె గుడ్డతో సీడీని మధ్య నుంచి అంచుకు, మధ్య నుంచి అంచుకు తుడుస్తోంది. గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయని తర్వాత నాకు చెప్పింది. ఆమెను ఊళ్లో అందరూ సీడీల పద్మక్క అనేవారు.

"పేరేంది తమ్మీ?" అంది.

నేను నోరు తెరిచాను. శ దగ్గరే ఆగిపోయాను. నా వెనక నిలబడ్డ మనిషి ఓపిక పట్టలేక, "శ్రీకాంతా? శ్రీరామా?" అని అందించాడు.

"నిన్నడగలే అన్నా," అంది పద్మక్క. టీవీ గొంతు తగ్గించింది. నా పెదాల వైపు చూడలేదు, జాలిగానూ చూడలేదు. చేతిలోని సీడీ తుడుస్తూ, మధ్యమధ్య మామూలుగా నా కళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపు పట్టిందో తెలియదు. చివరికి "శ్రీనివాస్" అన్నాను.

"మంచిది శ్రీను. ఏం సినిమా కావాలె?"

నేను వేలు చూపించాను. ఆమె డబ్బా తీసింది కానీ చేతికివ్వలేదు. "తెచ్చిచ్చేటప్పుడు ఒక ముచ్చట చెప్పాలె. ఏ సీను యాదికున్నదో, ఎందుకు యాదికున్నదో. చెప్పకుంటే ఇంకోటియ్య."

నా మీద జాలిపడి పెట్టిన షరతు అనుకుని మొదట మండిపోయింది. తర్వాత గమనించాను, ఆమె అందరినీ అదే అడిగేది. ఆటో నడిపేవాళ్లనీ, మా దవాఖానా నర్సులనీ, యూనిఫాం వేసుకుని వచ్చిన కానిస్టేబుల్‌నీ. అతను టోపీ చంకలో పెట్టుకుని చెల్లెలి పెళ్లి సీను చెబుతూ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. అందరికీ ఒకే షరతు అని తెలిశాక నాకు భయం తగ్గింది. మొదట్లో ఒక్క వాక్యం చెప్పి పారిపోయేవాణ్ని. కొన్నాళ్లకు రెండు వాక్యాలు. నేను ఆగినప్పుడల్లా ఆమె ఆగేది. ఒక్కసారి కూడా నా మాటను తను పూర్తి చెయ్యలేదు. నా జీవితంలో అలాంటి మనిషిని అంతకుముందు చూడలేదు. మా అమ్మ కూడా ప్రేమ కొద్దీ పూర్తిచేసేది.

అంగడి రోజున షాపు కిటకిటలాడేది. చర్ల వైపు గూడేల నుంచి వచ్చేవాళ్లు సీడీలూ, ఒక్కోసారి ప్లేయరూ కలిపి కిరాయికి తీసుకుపోయేవారు. వాళ్లలో జోగమ్మ అని ఒక కోయ ఆవిడ ఉండేది. ఆమెకు ఒకటే కోరిక, సినిమాలో ఎవరూ చావకూడదు. ముందుగా కథంతా వినందే తీసుకునేది కాదు. ఒక అంగడి రోజు పద్మక్క చేతినిండా పని ఉండి నన్ను పిలిచింది.

"తమ్మీ, జోగమ్మకు ఈ కత జెప్పు."

నేను తల అడ్డంగా ఊపాను.

"ఏం గాదు. నీకు నత్తి ఉన్నదని ఆమెకు తెల్వది. తెలుగే సగం తెల్వది ఆమెకు. ఆగినా గదే భాషనుకుంటది, చెప్పు."

షాపు మెట్టు మీద కూర్చుని జోగమ్మకు కథ చెప్పాను. మాట తట్టుకున్న చోట చేతులతో చెప్పాను. చెయ్యి చాలని చోట లేచి నడిచి చూపించాను. ఆమె తలకు చుట్టుకున్న తువ్వాలు కొస నోటికి అడ్డం పెట్టుకుని కళ్లు పెద్దవి చేసి వింది. నవ్వాల్సిన చోట నవ్వింది. ఒకచోట భయపడి నా మోకాలు పట్టుకుంది. కథ అయిపోయాక తన భాషలో ఏదో అని సీడీ తీసుకుని పోయింది. "ఏమన్నది?" అని అడిగాను. పద్మక్క ఇటు తిరక్కుండానే, "వచ్చేవారం గూడ నువ్వే చెప్పాలెనంట," అంది. ఆ రోజు గదికి నడిచి వెళ్తుంటే నాకు దారి పొడుగునా ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది.

సినిమా చూడటం కూడా ఆమే నేర్పింది. ఒక సినిమాలో తల్లి శవం మీద పడి హీరో గుండెలు బాదుకునే సీను ఉంది. నేను ఆ ఏడుపు గురించి చెప్పబోతే ఆమె రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పింది. "ఏడ్చేటోన్ని అందరు జూస్తరు. నువ్వు ఎన్కకు నిలబడ్డోల్లను జూడు." చూశాను. గదిలో అందరూ గొల్లుమంటుంటే వెనక వంటింటి గడపలో పనిమనిషి ఒకామె లోపలికి వెళ్లి, పొంగబోతున్న పాలగిన్నె దించి, మళ్లీ వచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది. మూడు క్షణాలు కూడా ఉండదు. "ఆ పాలు పొంగుతున్నయని ఆమెకొక్కదానికే యాదికున్నది. ఆ ముసలామెకు ఇన్నేండ్లు రోజు పాలు కాసిచ్చింది గా చేతులే," అంది పద్మక్క. నేను ఆ సినిమా అంతకుముందు రెండుసార్లు చూశాను. ఆ పనిమనిషి నాకు ఒక్కసారీ కనపడలేదు.

నాలుగేళ్లు అలా గడిచాయి. ఖమ్మంలో పెద్ద డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఖాళీ ఉందని తెలిస్తే వెళ్లమని పోరింది ఆమే. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో నన్నే అడిగి తెలుసుకుని, మధ్యాహ్నం బేరం లేనప్పుడు కౌంటర్ వెనక బిగుసుకుని కూర్చుని, "మీ గురించి చెప్పండి మిస్టర్ శ్రీనివాస్," అనేది. ఆ మిస్టర్ అన్న మాటకు ఇద్దరమూ నవ్వేవాళ్లం. ఉద్యోగం వచ్చింది. బస్సెక్కే రోజు ఆమె అన్నది ఒక్కటే: "ఆదివారం ఫోన్ చేసి మాట్లాడు. మెసేజ్‌లు పెట్టకు. మెసేజ్‌ల నీ గొంతు ఉండది."

మొదటి ఏడాది ప్రతి ఆదివారం చేశాను. తర్వాత నెలకోసారి. తర్వాత పండగలకు మెసేజ్‌లు పెట్టాను. వాటికి ఆమె జవాబు ఇచ్చేది కాదు.

ఈలోగా లోకం మారింది. మొదట సెల్ షాపుల్లో మెమరీ కార్డులకు సినిమాలు ఎక్కించడం మొదలైంది. తర్వాత అదీ అక్కర్లేకుండా ఫోన్లలోనే అన్నీ వచ్చాయి. ఒకసారి పని మీద భద్రాచలం వెళ్లినప్పుడు చూస్తే పద్మక్క షాపు సగమైంది. మధ్యలో ప్లైవుడ్ కొట్టించి అవతలి సగం ఆమె మరిది రమేష్ జిరాక్సు, రీఛార్జి పెట్టుకున్నాడు. ఇవతలి సగంలో డబ్బాల రంగులు వెలిసిపోయాయి. ఆమె మాత్రం అదే పంచె గుడ్డతో తుడుస్తూనే ఉంది. "ఎవరన్న వస్తున్నరా అక్కా?" అని అడిగాను. "అవ్, వస్తున్నరు. మునుపటి లెక్క గాదు. జోగమ్మ రాకుండ ఉంటదా?" అంది. పావుగంట కూర్చుని లేచాను. నాకు తొందర పని ఉందనుకుంటాను. ఏం పనో ఇప్పుడు గుర్తులేదు.

ఖమ్మంలో నేను ఫోన్‌తో వీడియోలు చేయడం మొదలుపెట్టాను. సినిమాల్లో ఎవరూ పట్టించుకోని చిన్న మనుషుల గురించి చెప్పేవాణ్ని. "నేను ఏడ్చేవాణ్ని చూడను, వెనక నిలబడ్డవాళ్లను చూస్తాను," అని ప్రతి వీడియో మొదట్లో అనేవాణ్ని. జనానికి అది నచ్చింది. అది నా మాటగా పేరుపడింది. నా గొంతు బాగుందని, ఆగి ఆగి చెప్పే తీరు బాగుందని కామెంట్లు వచ్చేవి. ఆ మాట ఎవరిదో, ఆగడం ఎవరు నేర్పారో ఒక్క వీడియోలోనూ చెప్పలేదు. చెప్పకూడదని అనుకున్నది కాదు. సమయం వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. కొన్నాళ్లకు అది నా సొంతమేనని నాకే అనిపించడం మొదలైంది.

ఒక దశలో చూసేవాళ్లు పెరగడం ఆగిపోయింది. నాకు కెమెరా పట్టే స్నేహితుడు వంశీ, "అన్నా, జనం నవ్వాలె. బయటికిపోయి ఏదన్న వెరైటీ చేద్దాం. ఇంక సీడీలు కిరాయికిచ్చే షాపు యాడన్న ఉందంటవా?" అన్నాడు.

"భద్రాచలంలో ఒకటి ఉంది," అన్నాను. వింత జంతువు ఒకటి ఫలానా చోట ఉందని చెప్పినట్టు చెప్పాను.

మేం వెళ్లేసరికి పదకొండు గంటలైంది. వంశీ రోడ్డు మీదే కెమెరా ఆన్ చేశాడు. నన్ను చూడగానే పద్మక్క కౌంటర్ మీద చేతులు ఆనించి లేచింది. ముఖమంతా వెలిగిపోయింది. "వచ్చినవా తమ్..." అనబోయింది.

నేను ఆ మాట పూర్తికానివ్వలేదు. "నమస్కారమండీ. మీ పేరేమిటండీ?" అన్నాను.

అప్పుడు నాకు అది పెద్ద విషయంగా అనిపించలేదు. తెలిసినావిడ అని చెబితే వీడియోలో వింత పోతుంది, అంతే అనుకున్నాను. అంతే కాదని ఇప్పుడు తెలుసు. మాసిన డబ్బాల మధ్య కూర్చున్న ఆ మనిషి నాకు అక్క అని, నాకు మాట నేర్పింది ఆమే అని వేలమంది ముందు ఒప్పుకోవడానికి నాకు నామోషీ అనిపించింది.

ఆమె ఒకసారి కెమెరా వైపు చూసింది. ఒకసారి నా వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా కూర్చుంది. "పద్మ సార్," అంది.

ఆమె నన్ను సార్ అంది. నేను ఆపలేదు.

"ఈ రోజుల్లో సీడీలు ఎవరు తీసుకుంటారండీ?"

"తీసుకుంటరు సార్. సిగ్నల్ రాని ఊర్లున్నయి. ఫోన్ల జూస్తే ఒక్కరే జూస్తరు. టీవీల పెట్టుకుంటే ఇల్లంత కూసొని జూస్తది." మంచి మాట. ఎడిటింగ్‌లో దాన్ని తీసేశాం, నవ్వు రాదని.

"మీకు బాగా ఇష్టమైన సీను ఒకటి చెప్పండి," అన్నాను. ఆమె ఆ పాలగిన్నె సీనే మొదలుపెట్టింది. తల్లి చచ్చిపోతది, కొడుకు మీదబడి ఏడుస్తడు, అంతవరకు చెప్పింది. తర్వాత మాట దొరకలేదు. వయసు వల్లనో, కెమెరా వల్లనో, నా వల్లనో. నా వైపు చూసింది. ఆ తర్వాతి మాట నాకు తెలుసు. ఊరికే ఓపికగా నిలబడినా చాలు, ఆమె తనే చెప్పేది. నేను కెమెరా వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాను. "పర్లేదు అమ్మా. వీటిని చేలల్లో కట్టుకుంటే కోతులన్నా చూస్తాయి," అన్నాను. వంశీ పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, ఇంటికొచ్చినవాళ్లు ఏదో అంటే నవ్వినట్టు కొంచెంగా.

కెమెరా ఆపాక, "చాయ్ తెప్పిస్త, కూసోండ్రి," అంది. "టైం లేదండీ," అన్నాను. కెమెరా ఆగిపోయింది కదా, అయినా అండీ అనే అన్నాను.

ఎడిటింగ్ నేనే దగ్గరుండి చేయించాను. ఆమె ఆగిన చోట గడియారం టిక్కు టిక్కుమనే చప్పుడు పెట్టమన్నది నేనే. ఆ ముక్కను మూడుసార్లు తిప్పి తిప్పి చూపించాం. మాట తట్టుకుంటే లోపల ఎలా ఉంటుందో ఇరవై నాలుగేళ్లు అనుభవించినవాణ్ని, ఆ చప్పుడు ఎక్కడ పెడితే బాగా నవ్వొస్తుందో నాకే బాగా తెలిసింది.

వీడియో మేం అనుకున్నదానికన్నా ఎక్కువ తిరిగింది. వారం రోజులు ఫోన్ మోగుతూనే ఉంది. మా డయాగ్నస్టిక్ సెంటర్‌కి వచ్చిన పేషెంట్లు కూడా నన్ను గుర్తుపట్టి, "కోతుల సీడీల సార్ మీరే గదా," అని నవ్వుతూ చెయ్యి చాపేవారు. నేనూ నవ్వుతూ చెయ్యి ఇచ్చాను. నెలన్నర తర్వాత రమేష్ ఫోన్ చేశాడు.

"అన్నా, మా వదిన షాపు తీసేసింది."

ఎందుకని అడిగాను. ఎందుకో తెలిసే అడిగాను.

"పోరగాండ్లు గుంపులు గుంపులు వచ్చిండ్రన్నా. షాపు ముంగట నిలబడి టిక్కు టిక్కు అనుకుంట వీడియోలు తీసుకునుడు. కోతుల సీడీలున్నయా అనుడు. ఆమె మొదట్ల నవ్వింది. తర్వాత ఎవరన్న ఏదన్న అడిగితే మాట్లాడుడు బందు పెట్టింది. ఏలు చూపిస్తే తీసిచ్చుడు, అంతే. అంగడి రోజు జోగమ్మ వచ్చి కత చెప్పమంటే గూడ చెప్పలే. ఆ సాయంత్రమే షటర్ దించింది. సీడీలన్ని పాతసామాన్లోడు ఎత్తుకపోయిండు." చివర్న, "నువ్వు తెలిసినోడివే గద అన్నా?" అన్నాడు.

ఆ సాయంత్రమే వీడియో తీసేశాను. కానీ అప్పటికే అది ఎన్నో ఫోన్లలోకి పోయింది. పది రోజుల తర్వాత మా మేనమామే నాకు దాన్ని పంపించి, ఇది నువ్వేనా అని అడిగాడు. చేలల్లో తిరుగుతున్న సీడీలను చూసినప్పుడల్లా ఇవి ఆమె తుడిచినవేనా అనుకుంటాను. తెలుసుకునే దారి లేదు.

వెంటనే వెళ్లి కాళ్లు పట్టుకోవాల్సింది. ఎనిమిది నెలలు వెళ్లలేదు. మొదట సెలవు దొరకలేదని, తర్వాత వానలని, తర్వాత ఏ ముఖంతో అని. ఎండాకాలం మొదట్లో ఒక ఉదయం బయలుదేరాను. ఆమె ఇల్లు పర్ణశాల దారిలో ఒక పల్లె. ఇంటి ముందే రోడ్డు మీద ఆమె భర్త నర్సయ్య బావ యాత్రికులకు కొబ్బరిబోండాలు అమ్ముతాడు. ఆయనకు కంట్లో శుక్లాలు. మనిషిని గొంతుతోనే ఎక్కువ గుర్తుపడతాడు. నేను పలకరించగానే, "శ్రీనువా! మా ఆమె నీ ముచ్చటే చెప్తుంటది ఎప్పుడు," అని సంబరపడి బోండాం కొట్టబోయాడు. కొడుతూ కొడుతూ అన్నాడు:

"షాపు మీద ఎవరో వీడియో తీసి ఆగం జేసిండ్రంట గద. ఎవడే వాడని అడిగితే ఎవరో పట్నపు పిలగాడంటది. ఖమ్మపోడే అంటుండ్రు బజార్ల. నీకేమన్న తెలుసా శ్రీనూ?"

గడప లోపల ఆమె చీర రంగు కనిపిస్తోంది. ఆమె వింటోందని నాకు తెలుసు. నేను అంత దూరం వెళ్లింది నిజం ఒప్పుకోవడానికే.

"తెల్వదు బావా," అన్నాను.

ఆయన కొబ్బరిబోండాం నా చేతిలో పెట్టాడు. దాన్ని పట్టుకునే లోపలికి వెళ్లాను.

పద్మక్క చింతపండు గింజలు తీస్తోంది. కత్తిపీట పక్కన చాట నిండా పండు. "ఎండలబడి వచ్చినవ్. కూసో," అంది. మా ఆవిడ గురించి అడిగింది, మా నాన్న ఆరోగ్యం గురించి అడిగింది. అన్నీ మామూలుగానే అడిగింది. నేను కొబ్బరిబోండాం నేల మీద పెట్టి, "అక్కా, నన్ను క్ష..." అన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత గొంతులో ఆ తలుపు పడింది. ఎంత తోసినా తెరుచుకోలేదు. ఆమె ఎప్పటిలాగే ఆగుతుందని ఎదురుచూశాను.

ఆమె చేతులు ఆపకుండా, "క్షమించు. గదే గద?" అంది.

నా మాటను ఆమె పూర్తిచేసింది. నాకు ఏడుపొచ్చింది.

"ఏడువకు. నవ్వినందుకు నాకేం లేదు తమ్మీ. సీడీల కాలం పోయిందని నాకు తెల్వదా? నేను గూడ నవ్వుకున్న కోతుల మాటకు. నా పేరేందని అడిగినవు జూడు, గది. ఆ రోజు సరే, నీకు ఏమన్న ఇబ్బంది ఉన్నదేమో, నలుగుర్ల చెప్పుకోలేడేమో అనుకున్న. అందుకే సార్ అన్న." ఒక గింజ తీసి పక్కన వేసింది. "కెమెరా బందు చేసినంక గూడ అండీ అన్నవు."

నేను నేల మీది కొబ్బరిబోండాం వైపు చూశాను.

"ఈయనకు నీ పేరు చెప్పలే, రమేష్‌ను గూడ చెప్పనియ్యలే. చెప్పను. నువ్వు బయట తెల్వదన్నవు గద, ఇగ గట్లనే ఉండనీ."

అప్పుడు నేను తొందర తొందరగా, ఖమ్మం పోగానే ఒక వీడియో చేస్తానని, ఆమె ఎవరో, నాకేం చేసిందో అందరికీ చెబుతానని, తప్పు నాదని ఒప్పుకుంటానని అన్నాను. ఆమె మొదటిసారి చేతులు ఆపింది. తల ఎత్తి నా ముఖంలోకి చూసింది.

"వద్దు. నా పేరు మల్ల ఏడ చెప్పకు, నా బొమ్మ ఏడ పెట్టకు. అప్పుడు చెప్తే నాకు బాగుండేది. ఇప్పుడు చెప్తే నీకు బాగుంటది."

వెళ్లేటప్పుడు కాగితంలో చుట్టి కొంచెం చింతపండు ఇచ్చింది. మళ్లీ రమ్మని అనలేదు. వద్దనీ అనలేదు. ఇది జరిగి రెండేళ్లవుతోంది. భద్రాచలం ఎన్నోసార్లు వెళ్లాను కానీ పర్ణశాల దారి పట్టలేదు.

వీడియోలు మానేశానని చెప్పగలిగితే ఈ కథ నాకు కొంత అనుకూలంగా ఉండేది. మానలేదు. ఏడ్చేవాణ్ని చూడనన్న ఆ మొదటి వాక్యం మాత్రం అనడం మానేశాను. ఏమైంది, ఆ మాట బాగుండేది కదా అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు. ఆమె పేరు పద్మ కాదు. దుకాణం ఉన్న వీధీ, ఇల్లున్న పల్లె పేరూ చెప్పలేదు. ఆమె అడిగిన మాటలో నేను నిలబెట్టుకోగలిగింది ఇంతే. ఇలా రాయడం కూడా ఆ మాట తప్పడమేమో నాకు తెలియదు.

పోయిన నెల ఖమ్మంలో ఒక డిగ్రీ కాలేజీలో నన్ను మాట్లాడమని పిలిచారు. చివర్లో వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, ఇంత బాగ మాట్లాడుడు మీకు ఎవరు నేర్పిండ్రు?" అని అడిగింది. ఒకప్పుడైతే ఈ ప్రశ్నకు నవ్వి, ఎవరూ లేరమ్మా, నాకు నేనే అనేవాణ్ని. ఆ రోజు మైకు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నాకు గొంతు ఆరిపోయిందనుకుని ముందు వరసలో లెక్చరర్ ఒకాయన మంచినీళ్ల సీసా అందించాడు.

"ఒకావిడ," అన్నాను.

"ఎవరు సార్ ఆమె?" అంది ఆ అమ్మాయి.

తర్వాతి ప్రశ్న ఎవరిదని అడిగాను.